పేరు మనదే... చిరునామా ఎవరి చేతిలో ఉంది?

పెండ్లి పత్రికలు 600. మీగడ రంగు కాగితం, ఎర్ర అక్షరాలు, పైన వినాయకుడు. అచ్చు ముద్దుగా వచ్చింది. ఫంక్షన్ హాల్ పేరే తప్పు.

కరీంనగర్ టవర్ సర్కిల్ దగ్గర మా చిన్నాయినకు చిన్న ప్రింటింగ్ ప్రెస్ ఉంది. మాఘమాసం వచ్చిందంటే ఆయనకు నిద్ర ఉండదు. ఆ శనివారం పెండ్లికూతురి తండ్రి కట్ట తీసుకుపోవడానికి వచ్చి, ఒక పత్రిక విప్పి చదివి ఆగిపోయాడు. "ఇదేంది? హాలు మారిందని మా పిలగాడు మస్కట్ నుంచి మెయిల్ పెట్టిండు గద" అన్నాడు. చిన్నాయిన నా వైపు చూశాడు. నేను ఫోన్‌లో మెయిల్‌బాక్స్ తెరిచాను. అందులో అలాంటి మెయిలే లేదు.

ఆ మెయిల్ ఎక్కడికి పోయిందో కనిపెట్టడానికి సాయంత్రం దాకా పట్టింది. పంపిన పిలగాడి తప్పు లేదు, చిన్నాయిన తప్పు అంతకన్నా లేదు. తప్పు నాది. ఆ బుధవారమే చిన్నాయిన వెబ్‌సైట్‌కు సొంత సర్వర్, సొంత నేమ్‌సర్వర్ పెట్టాను. దాని గురించే ఈ కథ.

మెయిల్ ఎందుకు, వాట్సాప్ ఉంది కదా అని అడుగుతారు. అందరూ అడుగుతారు. ఒకసారి వంద మెసేజ్‌ల నడుమ వచ్చిన సవరణ కంటపడక, పెండ్లికొడుకు ఇంటిపేరు తప్పు అచ్చయింది. అప్పటి నుంచి చిన్నాయిన నియమం ఒకటే: ప్రూఫ్‌లో మార్పు ఏదైనా ఆర్డర్ నంబర్ వేసి మెయిల్‌లోనే రావాలి. మా జగిత్యాల, సిరిసిల్ల, కరీంనగర్ పల్లెల నుంచి గల్ఫ్‌కు పోయినోళ్లు లేని వాడ ఉండదు. చెల్లె పెండ్లి ఇక్కడ, డబ్బు పంపే అన్న దుబాయ్‌లోనో మస్కట్‌లోనో. పత్రిక మోడల్ అతనే సైట్‌లో చూసి ఎంచుకుంటాడు, ప్రూఫ్ అతనే చదివి ఓకే చేస్తాడు. చిన్నాయిన వ్యాపారంలో మంచి వాటా ఆ దూరపు ఆర్డర్లదే. ఆ సైట్, ఆ మెయిల్ ఆగితే ఆయనకు సగం షట్టర్ దించినట్టే.

కవరు మీద చిరునామా

డీఎన్ఎస్ అంటే డొమైన్ నేమ్ సిస్టమ్. ఇంజినీరింగ్‌లో నెట్‌వర్క్స్ పేపర్ కోసం నేనూ బట్టీ పట్టాను. అర్థమైంది మాత్రం 600 పత్రికలు చెత్తకు పోయాకే.

కవరు మీద చిరునామా మనం పైనుంచి కిందికి రాస్తాం: మనిషి పేరు, ఇంటి నంబరు, వాడ, ఊరు, పిన్‌కోడ్. తపాలా వాళ్లు కింది నుంచి పైకి చదువుతారు. 505001 చూస్తే కరీంనగర్‌కు పంపిస్తారు. వాడ, ఇల్లు సంగతి ఇక్కడి పోస్ట్‌మ్యాన్ చూసుకుంటాడు. వెబ్‌సైట్ పేరు కూడా అంతే, కుడి నుంచి ఎడమకు చదువుతారు. మీరు ఫోన్‌లో ఒక డాట్ ఇన్ పేరు కొట్టగానే మీ ఇంటర్నెట్ కంపెనీలోని రిజాల్వర్ అనే యంత్రం ముందు రూట్ సర్వర్‌ను అడుగుతుంది. ఆ రూట్ చిరునామాలు ప్రపంచం మొత్తానికీ 13 పేర్ల మీదే ఉంటాయి, వాటి నకళ్లు మాత్రం వేయికి పైగా చోట్ల పనిచేస్తుంటాయి. రూట్ చెప్పేది ఒక్కటే: "డాట్ ఇన్ సంగతి ఫలానా వాళ్లను అడుగు." డాట్ ఇన్ పుస్తకం మన దేశంలో నిక్సీ అనే సంస్థ చేతిలో ఉంది. 2005 నుంచి ఆ పేర్లు ఎవరైనా కొనుక్కునే వీలు వచ్చింది. ఆ పుస్తకం కూడా అసలు చిరునామా చెప్పదు. "ఈ పేరుకు జవాబు చెప్పే నేమ్‌సర్వర్లు ఇవి" అని మాత్రం చూపిస్తుంది. చివరి జవాబు, అంటే సైట్ ఏ ఐపీ నంబరులో ఉంది, మెయిల్ ఏ యంత్రానికి పోవాలి అనేది, చెప్పేది ఆ నేమ్‌సర్వరే.

అంటే నేమ్‌సర్వర్ ఎవరి చేతిలో ఉంటే మీ పేరు వాళ్ల చేతిలో ఉన్నట్టు. సైట్ ఎంత అందంగా ఉన్నా సరే.

ఒకప్పుడు ఇదంతా లేదు. మొదటి రోజుల్లో నెట్‌వర్క్‌లోని కంప్యూటర్ల పేర్లన్నీ ఒకే ఒక ఫైల్‌లో ఉండేవి. అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్‌లో ఎలిజబెత్ ఫైన్లర్ అనే ఆమె బృందం ఆ ఫైల్ చూసుకునేది. కొత్త కంప్యూటర్ పెడితే వాళ్లకు చెప్పి పేరు రాయించుకోవాలి, మిగతావాళ్లు ఆ ఫైల్‌ను మళ్లీ దించుకోవాలి. యంత్రాలు పెరిగేసరికి అది మోయలేని బరువైంది. 1983లో పాల్ మాకపెట్రిస్ అనే ఇంజినీర్ పుస్తకాన్ని ముక్కలు చేసి, ఎవరి పేజీ వాళ్లే రాసుకునే పద్ధతి తయారు చేశాడు. మరుసటేడు బర్క్‌లీ విద్యార్థులు నలుగురు దానికి బైండ్ అనే సాఫ్ట్‌వేర్ రాశారు. నేను పుట్టకముందు మొదలైన ఆ బైండే, ఎన్నో మార్పులతో, ఇప్పుడు చిన్నాయిన సర్వర్‌లో నడుస్తోంది.

సొంతం చేసుకోవాలన్న పంతం

అసలు సొంత నేమ్‌సర్వర్ ఎందుకు పెట్టానంటే, కొంత అవసరం, ఎక్కువ పంతం.

కొన్నేళ్ల కింద చిన్నాయినకు సైట్ చేసిచ్చిన మనిషి డొమైన్‌ను తన ఖాతాలోనే, తన పేరు మీదే కొన్నాడు. హోస్టింగ్ కూడా అతనిదే. ఏటా ఎంత అడిగితే అంత ఇవ్వడమే. ఒక ఏడాది అతను ఫోన్ ఎత్తలేదు, డొమైన్ గడువు దాటిపోయి సైట్ నాలుగు రోజులు ఆగింది. "నా దుకాణం బోర్డు వేరేటోని ఇంట్ల ఉన్నట్టుందిరా" అన్నాడు చిన్నాయిన. ఆ మాట నాకు బాగా తాకింది. బతిమాలి, బదిలీ కోడ్ తీసుకొని, డొమైన్‌ను చిన్నాయిన పేరుతో, ఆయన ఫోన్ నంబరుతో కొత్త రిజిస్ట్రార్ దగ్గరికి మార్చాను. అక్కడితో ఆగితే సరిపోయేది. రిజిస్ట్రార్లు చాలామంది నేమ్‌సర్వర్ ఉచితంగానే ఇస్తారు. కానీ నేను ఇంజినీర్‌ను కదా, అన్నీ మన చేతిలోనే ఉండాలనుకున్నాను.

నెలకు కొన్ని వందల రూపాయల అద్దెకు ఒక వర్చువల్ సర్వర్ తీసుకున్నాను. దాన్ని చూసుకునే బాధ్యత మొత్తం మనదే, పాడైతే అడగడానికి ఎవరూ ఉండరు. దాని మీద ఉబుంటు, దాని మీద బైండ్.

మొదట్లోనే ఒక చిక్కు వచ్చింది. నేమ్‌సర్వర్‌కు కూడా ఒక పేరు ఉండాలి. చిన్నాయిన డొమైన్ మీదే ఎన్ఎస్1, ఎన్ఎస్2 అని పెట్టుకున్నాను. ఇప్పుడు రిజాల్వర్ పరిస్థితి ఊహించండి. చిన్నాయిన డొమైన్ ఎక్కడుందంటే ఎన్ఎస్1ను అడగాలి. ఎన్ఎస్1 ఎక్కడుందంటే చిన్నాయిన డొమైన్‌ను అడగాలి. ఇంటి తాళంచెవి ఇంట్లోనే పెట్టి తలుపేసుకున్నట్టు. దీనికి విరుగుడు గ్లూ రికార్డు. రిజిస్ట్రార్ ప్యానెల్‌లో ఎన్ఎస్1, ఎన్ఎస్2 పేర్లతో పాటు వాటి ఐపీ నంబర్లు కూడా ఇస్తే, డాట్ ఇన్ పుస్తకంలోనే ఆ నంబర్లు ఎక్కుతాయి. ఒక్కో రిజిస్ట్రార్ ఈ పేజీకి ఒక్కో పేరు పెడతాడు, చైల్డ్ నేమ్‌సర్వర్ అని ఒకరు, హోస్ట్ అని ఇంకొకరు. ఆ పేజీ దొరకడానికే నాకు గంట పట్టింది.

తర్వాత జోన్ ఫైల్. మన డొమైన్ పేజీ అన్నమాట. సైట్ ఐపీకి ఏ రికార్డు, మెయిల్‌కు ఎంఎక్స్ రికార్డు, నేమ్‌సర్వర్లకు ఎన్ఎస్ రికార్డులు, పైన ఎస్ఓఏ అనే పాసుపుస్తకం లాంటి వరుస. ఇందులో పూర్తి పేరు రాసిన ప్రతిచోటా చివర ఒక చుక్క పెట్టాలి. మర్చిపోతే బైండ్ దాన్ని సగం పేరు అనుకొని, వెనకాల డొమైన్‌ను మళ్లీ అతికిస్తుంది. నా మెయిల్ సర్వర్ పేరులో డొమైన్ రెండుసార్లు వచ్చింది, అలాంటి యంత్రం లోకంలో ఎక్కడా లేదు. ఒక్క చుక్క కోసం రాత్రి పన్నెండు దాకా కూర్చున్నాను. తెలుగులో సున్న మర్చిపోతే అర్థం మారినట్టు, ఇక్కడ చుక్క. జోన్‌ను సరిచూసే చిన్న సాధనం బైండ్‌తోనే వస్తుంది, డిగ్ అనే ఆదేశంతో బయటి నుంచి అడిగి చూడొచ్చు. ఈ రెండూ వాడకుండా "అయిపోయింది" అనకండి.

ఇంకో రెండు జాగ్రత్తలు గబగబా చెప్పేస్తాను. ఫైర్‌వాల్‌లో 53వ పోర్టును యూడీపీకి, టీసీపీకి రెండింటికీ తెరవాలి. చాలామంది యూడీపీ ఒక్కటే తెరిచి ఊరుకుంటారు. అలాగే రికర్షన్ బయటివాళ్లకు మూసేయాలి. అంటే మన సర్వర్ మన డొమైన్ గురించి మాత్రమే చెప్పాలి, దారిన పోయేవాళ్లు ఊరంతటి గురించి అడిగితే జవాబు చెప్పకూడదు. నేను ఎక్కడో పాత పాఠం చూసి దాన్ని తెరిచి ఉంచాను. రెండు రోజుల్లో ముక్కూమొహం తెలియని ప్రశ్నలు వేలల్లో వచ్చిపడ్డాయి. అలా తెరిచి ఉన్న సర్వర్లను వాడుకొని ఇతరుల మీద దాడి చేయడం పాత విద్యే. చిన్న ప్రశ్న వేసి, పెద్ద జవాబును వేరేవాళ్ల మీదికి మళ్లిస్తారు.

మస్కట్ మెయిల్ ఎక్కడికి పోయింది?

బుధవారం మధ్యాహ్నం హైదరాబాద్‌లో లంచ్ టైమ్‌లో రిజిస్ట్రార్ ప్యానెల్ తెరిచి, పాత నేమ్‌సర్వర్లు తీసేసి ఎన్ఎస్1, ఎన్ఎస్2 పెట్టాను. పది నిమిషాల్లో నా ఫోన్‌లో కొత్త సైట్ వచ్చింది. నాకు నేనే టెస్ట్ మెయిల్ పంపుకుంటే కొత్త మెయిల్‌బాక్స్‌లో పడింది. చిన్నాయినకు ఫోన్ చేసి, "అయిపోయింది, ఇగ అన్నీ మనయే" అన్నాను.

అన్నీ మనవి కాలేదు. ప్రతి డీఎన్ఎస్ జవాబుకూ టీటీఎల్ అని ఒక ఆయుష్షు ఉంటుంది. 86400 సెకన్లు అని రాసి ఉంటే, ఒకసారి అడిగిన రిజాల్వర్ ఒక రోజంతా మళ్లీ అడగక్కర్లేదు, తన దగ్గరున్న జవాబే చెబుతుంది. 2016 అక్టోబర్ 11న మా జిల్లా ముక్కలై జగిత్యాల, పెద్దపల్లి, సిరిసిల్ల వేరే జిల్లాలయ్యాయి. అయినా చాలా రోజులు చుట్టాలు కవర్ల మీద "జగిత్యాల, కరీంనగర్ జిల్లా" అనే రాశారు. వాళ్లు తప్పు చేయలేదు, వాళ్లకు తెలిసిన చిరునామా అదే. మస్కట్‌లోని ఆ పిలగాడి మెయిల్‌ను మోసిన సర్వర్ కూడా బుధవారం పొద్దున చూసి పెట్టుకున్న పాత జవాబునే గురువారం పొద్దున వాడింది.

తపాలా అయితే పాత చిరునామాకు పోయినా ఎవరో ఒకరు తెచ్చిస్తారు. ఇక్కడ అలా కాదు. పాత హోస్టింగ్ ఇంకా బతికే ఉంది, దానికి నెలాఖరు దాకా గడువుంది. పాత మెయిల్‌బాక్స్ ఆ ఉత్తరాన్ని బుద్ధిగా తీసుకొని లోపల పెట్టుకుంది. పంపినవాడికి తిరిగి రాలేదు కాబట్టి చేరిందనే అనుకున్నాడు. మేము కొత్త బాక్స్ చూస్తూ కూర్చున్నాం. శుక్రవారం పత్రికలు మెషిన్ ఎక్కాయి.

శనివారం సాయంత్రం పాత సర్వర్‌లోకి నేరుగా దాని ఐపీ నంబరుతో లాగిన్ అయితే మూడు మెయిళ్లు కనిపించాయి. మధ్యది మస్కట్ నుంచి. ఆర్డర్ నంబర్ వేసి, చిన్నాయిన చెప్పిన నియమం ప్రకారమే రాశాడు. "అన్నా, హాలు మారింది, కొత్త పేరు కింద ఇస్తున్న. అచ్చుకు ముందు ఒక్కసారి చూడండి." అది చదివి నేను కాసేపు ఏం మాట్లాడలేకపోయాను.

చిన్నాయిన ఏమీ అనలేదు. ఆ రాత్రే కాగితం తెప్పించి, 600 పత్రికలు మళ్లీ వేసి, ఆదివారం పొద్దున ఆయనే బండి మీద వాళ్లింట్లో ఇచ్చొచ్చాడు. డబ్బులు నేనిస్తానంటే తీసుకోలేదు. "నీ చదువు ఖర్చు అనుకుంట" అన్నాడు. తిట్టినా బాగుండేది.

సర్వర్ మార్చే పని మీకు ఉంటే ఇలా చేయండి. రెండు రోజుల ముందే పాత జోన్‌లో టీటీఎల్‌ను 300 సెకన్లకు దించండి. నేమ్‌సర్వర్లు మార్చే ముందు, పాత నేమ్‌సర్వర్‌లోనే సైట్, మెయిల్ రికార్డులను కొత్త యంత్రం వైపు తిప్పండి. అప్పుడు పాతదాన్ని అడిగినవాళ్లకూ కొత్త జవాబే దొరుకుతుంది. ఒక వారం పాటు రెండు మెయిల్‌బాక్స్‌లూ చూస్తూ ఉండండి. ఇక మాఘమాసంలో అసలు ముట్టుకోకండి, మూఢం వచ్చేదాకా ఆగండి. పెండ్లిళ్లు ఉండవు, అందరికీ తీరికే.

రెండు పేర్లు, ఒకే కప్పు

కథ ఇంకా ఉంది. ఎన్ఎస్1, ఎన్ఎస్2 అని రెండు పెట్టానని చెప్పాను కదా. నిజానికి అవి రెండూ ఒకే యంత్రం. రెండు కావాలని రిజిస్ట్రార్ అడిగాడు కాబట్టి ఒక ఐపీ అదనంగా కొని రెండు పేర్లు పెట్టాను. ఫారం నిండింది, పని కాలేదు. రెండు నెలల తర్వాత ఒక రాత్రి ఆ యంత్రం ఆగిపోయింది. సైట్ ఒక్కటే పోయి ఉంటే "కాసేపట్లో వస్తుంది" అని ఒక పేజీ వేరే చోటి నుంచి చూపించేవాణ్ణి. కానీ దారి మళ్లించే నేమ్‌సర్వర్లు కూడా దాంతోపాటే పోయాయి. చిన్నాయిన పేరే ఇంటర్నెట్‌లో లేనట్టు అయిపోయింది.

ఇది చిన్నవాళ్లకే జరిగేది కాదని తెలిసి కొంచెం ఊరట. 2001 జనవరిలో మైక్రోసాఫ్ట్ సైట్లన్నీ దాదాపు ఒక రోజు అందలేదు. వాళ్ల నాలుగు నేమ్‌సర్వర్లూ ఒకే నెట్‌వర్క్‌లో ఉన్నాయి, ఒక రౌటర్ అమరికలో తప్పు దొర్లితే నాలుగూ ఒకేసారి కనబడకుండా పోయాయి. 2021 అక్టోబర్ 4 రాత్రి మీకు గుర్తుండే ఉంటుంది. మనకు రాత్రి 9 దాటాక వాట్సాప్, ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ మూడూ ఒక్కసారిగా ఆగి, సుమారు 6 గంటలు లేవలేదు. మా వాడలో గల్ఫ్ నుంచి కాల్ రాక ఎంతమంది ఆందోళన పడ్డారో. అక్కడ జరిగింది ఏమిటంటే, వాళ్ల డేటా సెంటర్లను కలిపే సొంత నెట్‌వర్క్ తెగింది. లోపలి సర్వర్లను అందుకోలేకపోయిన నేమ్‌సర్వర్లు, "మా దగ్గరికి రాకండి" అన్నట్టు తమ దారులను ఇంటర్నెట్ నుంచి తామే వెనక్కి తీసుకున్నాయి. యంత్రాలు బతికే ఉన్నాయి, వాటి దగ్గరికి దారి చెప్పేవాళ్లే లేరు.

నేమ్‌సర్వర్లను వేర్వేరు ఊళ్లలో, వేర్వేరు నెట్‌వర్క్‌లలో పెట్టమని 1997లోనే ఇంటర్నెట్ ఇంజినీర్ల పత్రం ఒకటి చెప్పింది. నేను చదివింది మాత్రం యంత్రం ఆగిపోయిన మర్నాడు.

ఇప్పుడు ఎన్ఎస్2 నా క్లాస్‌మేట్ సర్వర్‌లో ఉంది. వేరే ఊరు, వేరే కంపెనీ. అతని డొమైన్‌కు మా యంత్రం రెండోది, మాకు అతనిది. ఇంటర్నెట్ తొలిరోజుల్లో యూనివర్సిటీలు ఇలాగే ఇచ్చిపుచ్చుకునేవి. జోన్ ఫైల్ ఎన్ఎస్1లో మారిస్తే చాలు, ఎన్ఎస్2 తనే నకలు తీసుకుంటుంది. కాకపోతే ఎస్ఓఏ వరుసలో ఉండే సీరియల్ నంబర్ ప్రతిసారీ పెంచాలి. పెంచకపోతే రెండోది "కొత్తదేం లేదు" అనుకొని ఊరుకుంటుంది. ఒకసారి ఇదీ చేశాను. సగం మందికి పాత ఐపీ, సగం మందికి కొత్తది పోయింది. ఈసారి ముహూర్తాలు లేవు కాబట్టి బతికిపోయాను. ఇప్పుడు తేదీనే సీరియల్‌గా రాస్తున్నాను, చివర రెండంకెలు ఆ రోజు ఎన్నోసారి మార్చానో చెబుతాయి.

మెయిల్‌కు ఇంకో ముడి ఉంది. ఐపీ నుంచి పేరుకు వెనక్కి చూపే పీటీఆర్ రికార్డు మన జోన్‌లో రాస్తే పనిచేయదు. ఐపీ ఎవరిదో వాళ్ల ప్యానెల్‌లో, అంటే సర్వర్ అద్దెకిచ్చిన కంపెనీ దగ్గర పెట్టాలి. 2024 ఫిబ్రవరి నుంచి గూగుల్ ఈ పీటీఆర్‌ను, ఎస్‌పీఎఫ్ లేదా డీకిమ్ రికార్డును అడుగుతోంది. అవి లేకపోతే మీ ప్రూఫ్ జీమెయిల్ వాడే కస్టమర్‌కు చేరడం కష్టం. సొంత సర్వర్ అయినా కొన్ని తాళాలు వేరేవాళ్ల దగ్గరే ఉంటాయని ఇక్కడ తెలిసింది.

మరి చిన్న దుకాణం వాళ్లు సొంత నేమ్‌సర్వర్ పెట్టుకోవాలా? నన్నడిగితే వద్దు. రిజిస్ట్రార్ ఇచ్చే ఉచిత డీఎన్ఎస్ వాడండి, వాళ్ల యంత్రాలు ఎన్నో ఊళ్లలో ఉంటాయి. నేర్చుకోవాలన్న కోరిక ఉంటే వేరే ఉత్త డొమైన్ కొనుక్కొని దాని మీద ప్రయోగాలు చేయండి, చిన్నాయిన దుకాణం మీద కాదు. డొమైన్ మాత్రం మీ పేరుతో, మీ మెయిల్‌తో, మీ ఫోన్ నంబరుతో ఉండాలి. సైట్ చేసిచ్చేవాడు ఎంత దగ్గరివాడైనా సరే, నాలాంటి కొడుకు వరసవాడైనా సరే. ఈ రోజే రిజిస్ట్రార్ ఖాతా ఎవరి పేరు మీద ఉందో అడగండి. "అదంతా నేను చూసుకుంటా" అని జవాబొస్తే ఇంకోసారి గట్టిగా అడగండి.

నేను మాత్రం ఇంకా తీసేయలేదు. రెండు యంత్రాలూ నడుస్తున్నాయి, అవి ఆగితే నా ఫోన్‌కు మెసేజ్ వస్తుంది, ఆ మెసేజ్ చిన్నాయిన డొమైన్ మీద ఆధారపడకుండా వేరే దారిలో వస్తుంది. మొన్న ప్రెస్‌కు పోతే గోడ మీద క్యాలెండర్‌లో ఒక తేదీ చుట్టూ ఎర్ర స్కెచ్ పెన్నుతో గీసి ఉంది. ఎవరి పెండ్లి అని అడిగాను. "పెండ్లి గాదు, డొమైన్ రెన్యువల్" అన్నాడు చిన్నాయిన, ప్రూఫ్ మీద నుంచి తల ఎత్తకుండా.